మినుములో కంటికి కనిపించే తేడా, విత్తనంలో మిగిలే తేడా

చదరపు మీటరుకు 30 మొక్కలు, మొక్కకు 15 కాయలు, కాయకు 6 గింజలు, 100 గింజల బరువు నాలుగున్నర గ్రాములు. ఈ నాలుగూ గుణిస్తే చదరపు మీటరుకు 121 గ్రాములు వస్తాయి. ఎకరాకు లెక్కేస్తే 490 కిలోలు, అంటే ఐదు క్వింటాళ్లకు పిసరు తక్కువ. ఇందులో మొక్కకు ఒక్క కాయ పెరిగితే ఎకరాకు 33 కిలోలు కలిసొస్తాయి. అదే చదరపు మీటరుకు 30 మొక్కలు ఉండాల్సిన చోట 20 నిలిచాయనుకోండి, కాగితం మీద 160 కిలోలు పోయినట్టే. పొలంలో అంత పోదు. పక్కన ఖాళీ దొరికిన మొక్క నాలుగు కొమ్మలు ఎక్కువ వేసి కొంత పూడుస్తుంది. కొంతే, మొత్తం కాదు.

మినుములో కొత్త రకం తయారుచేయడం అంటే ఈ నాలుగు అంకెల్లో ఏది కదులుతుందో, కదిలింది వచ్చే ఏడాది విత్తనంలో కూడా నిలుస్తుందో లేదో తేల్చుకోవడం. మన గుంటూరు, కృష్ణా డెల్టాల్లో పరిశోధన అంతా కాయల చుట్టూ తిరుగుతుంది, మొక్కల సంఖ్యను మాత్రం రైతు తిప్పలకు వదిలేస్తుంది. అసలు తేడా అక్కడే ఉందని ఈ పోస్టులో చెప్పాలని. ముందు లెక్కలు చూద్దాం, లేకపోతే ఆ మాట గాలిలో ఉండిపోతుంది.

మినుములో వైవిధ్యం ఎందుకు ఇరుకు?

మినుము పువ్వు విచ్చుకునేసరికే దాని పెళ్లి అయిపోయి ఉంటుంది. పుప్పొడి తిత్తులు పువ్వు తెరుచుకోక ముందు రాత్రే పగులుతాయి. పుప్పొడిని అందుకునే కీలాగ్రం పక్కనే ఉంటుంది, బయటి పుప్పొడికి సందు దొరకదు. అందుకే పక్కపక్కన రెండు రకాలు వేసినా సహజంగా కలవడం చాలా తక్కువ. ఒకసారి స్థిరపడిన రకం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడం విత్తనం కట్టుకునేవాడికి వరం, కొత్తదనం కోరేవాడికి శాపం.

దానికి తోడు దేశంలో విడుదలైన రకాల వంశవృక్షాలు పైకి ఎక్కితే చాలావాటిలో టి-9 ఎదురవుతుంది. బరేలీ ప్రాంతపు స్థానిక మినుము నుంచి 1948లో ఏరిన రకం అది. త్వరగా కోతకు వస్తుంది, ఎక్కడైనా సర్దుకుంటుంది. దాంతో అందరూ దాన్నే తల్లిగానో తండ్రిగానో వాడారు. పేర్లు వేరే, నంబర్లు వేరే, లోపల రక్తం మాత్రం ఒకటే. ఇలాంటి రెంటిని కలిపితే రెండో తరంలో వచ్చే తేడా చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతే.

గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం రకాలకు ఎల్.బి.జి. అని, ఘంటసాల రకాలకు జి.బి.జి. అని, తిరుపతి రకాలకు టి.బి.జి. అని ముందు అక్షరాలు ఉంటాయి. డెల్టా మాగాణుల్లో ఎల్.బి.జి. 17 నిలదొక్కుకున్నది బూడిద తెగులును తట్టుకోవడం వల్ల. చలికాలం మంచుకు ఆకుల మీద తెల్లపొడి పట్టే నేలల్లో అది పెద్ద గుణం. తర్వాత ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు ముదిరాక లెక్క మారింది. దాన్ని తట్టుకునే పి.యు. 31, టి.బి.జి. 104 లాంటివి ముందుకొచ్చాయి. ఒక్కో తరం రకాలు ఒక్కో తెగులుకు జవాబుగా వచ్చినవే. దిగుబడి కోసమని వచ్చింది తక్కువ, పోయే దిగుబడిని ఆపడానికి వచ్చింది ఎక్కువ.

లెక్క ఎలా వేస్తారు, ఎక్కడ తప్పుతారు

20 రకాలు తెచ్చి, మూడు రెప్లికేషన్లలో (అంటే ప్రతి రకాన్నీ మూడుసార్లు), ఒక్కో బ్లాకులో అన్ని రకాలనూ చీటీలు తీసినట్టు కలిపి వేసే ఆర్.బి.డి. పద్ధతిలో, వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు పెట్టి వేశారనుకుందాం. ఒక్కో ప్లాటులో ఐదు మొక్కలకు ట్యాగు కట్టి కాయలు లెక్కపెట్టారు. తేడాలో రకాల వల్ల వచ్చిందెంతో, మిగతా కారణాల వల్ల (ఎర్రర్) వచ్చిందెంతో విడదీసే ఎనోవా టేబుల్లో రకాల మీన్ స్క్వేర్ 75, ఎర్రర్ మీన్ స్క్వేర్ 12, సగటు 24 కాయలు వచ్చాయి. ఈ అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే, ఏ ప్రయోగానివీ కావు.

రకాల మీన్ స్క్వేర్‌లోంచి ఎర్రర్ తీసేసి రెప్లికేషన్ల సంఖ్యతో భాగిస్తే జన్యు వేరియన్స్ వస్తుంది: 75లోంచి 12 పోగా 63, మూడుతో భాగిస్తే 21. దానికి ఎర్రర్ 12 కలిపితే 33. ఇది పైకి కనిపించే తేడా, ఫినోటైపిక్ వేరియన్స్. 21కి వర్గమూలం 4.58, దాన్ని సగటు 24తో భాగించి నూటితో గుణిస్తే జి.సి.వి., అంటే సగటులో జన్యు తేడా ఎంత శాతమో, 19.1 శాతం. అలాగే 33తో చేస్తే పైకి కనిపించే తేడా శాతం, పి.సి.వి., 23.9 శాతం. అనువంశికత, అంటే కనిపించే తేడాలో జన్యువులది ఎంత వాటా అనేది, 21ని 33తో భాగిస్తే 63.6 శాతం. ఎంపిక వల్ల రావలసిన జన్యు పురోగతికి 2.06ను (ఎంత గట్టిగా ఏరామో చెప్పే అంకె), 0.636ను, 33 వర్గమూలమైన 5.74ను గుణించాలి. ఏడున్నర కాయలు వస్తాయి, సగటులో 31 శాతం.

ఇప్పుడు అదే ప్రయోగంలో సగం మొక్కలు పూతకు వచ్చిన రోజులు చూడండి. సగటు 40 రోజులు, రకాల మీన్ స్క్వేర్ 12, ఎర్రర్ 1.5. జన్యు వేరియన్స్ 3.5, మొత్తం 5. అనువంశికత 70 శాతం, కాయల కన్నా ఎక్కువే. కానీ పురోగతి లెక్కేస్తే మూడు రోజుల చిల్లర, సగటులో 8 శాతం. అనువంశికత ఎక్కువ కదా అని ఈ గుణం పట్టుకుని ఎంపిక మొదలుపెడితే కష్టం మీదే, ఫలితం మూడు రోజులే. వారసత్వంగా నమ్మకంగా దిగుతుంది, కానీ దిగడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. తాళం గట్టిదే, పెట్టెలో మాత్రం రూపాయే ఉంది.

థీసిస్‌లలో జి.సి.వి.కి 10 లోపు తక్కువ, 10 నుంచి 20 మధ్యస్థం, 20 పైన ఎక్కువ అని రాస్తారు. అనువంశికతకు 30, 60 గీతలు. పురోగతికి మళ్లీ 10, 20 గీతలు. గీతలు బాగానే ఉంటాయి. తప్పులు జరిగేది వాటికి ముందే.

మొదటి తప్పు, అనువంశికతను ఏ ఆధారం మీద వేశారో చూడకుండా రెండు పేపర్లను పోల్చడం. పైన నేను ఒక్క ప్లాటు ఆధారంగా వేశాను. రెప్లికేషన్ల సగటు ఆధారంగా వేస్తే ఎర్రర్ 12ను మూడుతో భాగించి 4 తీసుకోవాలి. అప్పుడు 21ని 25తో భాగిస్తే 84 శాతం. అదే పొలం, అవే మొక్కలు, 63 కాస్తా 84 అయింది. రెండూ తప్పు కాదు, కానీ ఏది వాడారో రాయని పేపరును మాత్రం పక్కన పెట్టేయాలి.

రెండో తప్పు 2.06 అనే అంకె. నూటికి ఐదింటిని ఏరినప్పుడు వాడేది అది. 20 రకాల్లో ఐదు శాతం అంటే ఒక్క రకం. మీరు మంచివని నాలుగు ఏరి పెట్టుకుని 2.06తో గుణిస్తే, రాని పంటను గాదెలో పోసుకున్నట్టే.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఒక్క ఊళ్లో ఒక్క కాలం వేసిన ప్రయోగంలో, ఆ ఏడాది వాతావరణం ఒక్కో రకానికి చేసిన మేలు కూడా జన్యు వేరియన్స్‌లోనే కలిసిపోతుంది, విడదీయడానికి దారి లేదు. ఖరీఫ్‌లో లాం నల్లరేగడిలో 60 దాటిన అనువంశికత, రెండు కాలాలు రెండు చోట్ల కలిపి వేసేసరికి సగానికి దిగినా ఆశ్చర్యపోకండి. అంకె తగ్గలేదు, నిజం బయటపడింది.

ఐదు మొక్కలు ఎంచడంలో కూడా ఒక మోసం ఉంది. ట్యాగు కట్టడానికి వెళ్లినవాళ్ల చెయ్యి ఏపుగా ఉన్న మొక్క మీదకే పోతుంది. ఆ మొక్క ఏపుగా ఉన్నది పక్క మొక్క చచ్చిపోయి ఖాళీ దొరకడం వల్ల కావచ్చు. అటూ ఇటూ పూర్తిగా మొక్కలున్న చోటే ట్యాగు కట్టాలి, చివరి వరుసలు ముట్టుకోకూడదు. పూత రాకముందే కట్టేస్తే ఇంకా మేలు, అప్పటికి ఎవరు మొనగాడో తెలియదు కాబట్టి చెయ్యి మొగ్గదు.

దూరం ఉన్నంత మాత్రాన సంబంధం కుదరదు

తల్లిదండ్రులను ఎంచడానికి గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చిన డి-స్క్వేర్ వాడతారు. పది పన్నెండు గుణాలను కలిపి ఒక్కో రకం మరో రకానికి ఎంత దూరమో చెప్పే కొలత అది. ఆ దూరాలను బట్టి రకాలను గుంపులు చేసే టోకర్ పద్ధతిని 1952లో తన పుస్తకంలో వివరించింది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు. నూజివీడు, నందిగామ బళ్లలో చదువుకున్న మనిషి. మినుము మీద థీసిస్ రాసే పిల్లలు రోజూ వాడే పద్ధతిని పుస్తకంలో పెట్టింది మన పక్క ఊళ్లలో చదువుకున్నాయనే అని తెలిస్తే కొంచెం శ్రద్ధగా వాడతారేమో.

శ్రద్ధ అని ఎందుకంటున్నానంటే, డి-స్క్వేర్‌లో ఎర్రర్ తక్కువగా ఉండే గుణానిదే పెత్తనం. వంద గింజల బరువు, పూత రోజులు చాలా కచ్చితంగా కొలుస్తాం. కాయల సంఖ్యలో, దిగుబడిలో ఎర్రర్ ఎక్కువ. కాబట్టి గుంపుల మధ్య దూరంలో ఎక్కువ వాటా గింజ బరువుదే అవుతుంది. దూరం ఉన్న రెండు రకాలు అంటే చాలాసార్లు ఒకటి లావు గింజ, ఒకటి సన్న గింజ అని మాత్రమే అర్థం. అంత దూరం నుంచి సంబంధం తెచ్చినా కాయల విషయంలో ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కావచ్చు. ఏ గుణం ఎంత వాటా ఇచ్చిందో ఆ పట్టిక చూశాకే జత కలపండి. సగటు దిగుబడి బొత్తిగా లేని రకాన్ని దూరం చూసి తెచ్చి కలిపితే మంచి మొక్క కోసం వేలల్లో వెతకాలి.

నిజంగా కొత్త రక్తం కావాలంటే జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో దగ్గరున్న స్థానిక రకాలు తెప్పించుకోవాలి. మినుముకు పూర్వీకుడైన అడవి మినుము, సిల్వెస్ట్రిస్ అనేది, మన మినుముతో తేలిగ్గానే కలుస్తుంది. నిల్వలో పుచ్చు పురుగును తట్టుకునే గుణం అందులో ఉంది. అయితే దాంతోపాటు కాయ పగిలి గింజ రాలడం, చిన్న గింజ, నీళ్లు పీల్చని రాతి గింజ కూడా వెంటొస్తాయి. ఒకటి రెండుసార్లు మళ్లీ మంచి రకంతో కలిపితే గానీ పొలంలో నిలబడదు. పెసరతో కలపాలంటే పెసరను తల్లిగా పెట్టాలి. మినుమును తల్లిగా పెడితే దాదాపు ఏమీ రాదు.

సాయంత్రం ఒక మొగ్గ దగ్గర

సంకరం చేయడం చెప్పినంత తేలిక కాదు. సాయంత్రం నాలుగు తర్వాత మొగ్గలు చూడాలి. మర్నాడు తెల్లవారి విచ్చుకోబోయే మొగ్గ ఉబ్బి ఉంటుంది, ఆకుపచ్చ తగ్గి పసుపు తొంగిచూస్తుంటుంది. ఇంకా పచ్చగా ఉన్నదాన్ని ముట్టుకుంటే రెండు రోజుల్లో రాలిపోతుంది. బాగా పసుపెక్కినదాంట్లో రాత్రికి పగలాల్సిన తిత్తులు అప్పుడే పగలడం మొదలెట్టి ఉండొచ్చు.

ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మొగ్గను అదిమీ అదమనట్టు పట్టుకోవాలి. సన్న మొన చిమటాతో పైన ఉన్న పెద్ద రేకును వెనక్కి తీసి, పక్క రేకులు విడదీస్తే లోపల ముక్కులా మెలితిరిగిన దోనె రేకు కనిపిస్తుంది. మినుములో చెయ్యి తప్పేది ఇక్కడే. ఆ మెలిక లోపలే కీలం కూడా అదే వంపు తిరిగి ఉంటుంది. దోనెను గట్టిగా లాగితే కీలం విరుగుతుంది. అంచు వెంట చీల్చి, మెలిక తిరిగిన వైపే మెల్లగా విప్పాలి. కేసరాలు పది, తొమ్మిది కలిసి ఒక కట్ట, ఒకటి విడిగా. పదీ లెక్కపెట్టి తీయాలి. ఒకటి మిగిలినా మర్నాడు వచ్చేది స్వపరాగమే. కీలాగ్రం మీద పసుపు దుమ్ము ఉందేమో భూతద్దంతో చూసి, ఉంటే ఆ మొగ్గ పారేయాలి. ప్రతి మొగ్గకూ చిమటాను స్పిరిట్‌లో ముంచి ఆరనివ్వాలి. అదే గుత్తిలో ఉన్న మిగతా మొగ్గలు, పిందెలు గిల్లేయాలి, లేకపోతే మొక్క వాటికే తిండి పెడుతుంది.

మర్నాడు ఆరున్నర, ఎనిమిదిన్నర మధ్య తండ్రి మొక్క మీద అప్పుడే విచ్చిన పువ్వు కోసి దోనె రేకును కిందికి నొక్కితే, పుప్పొడి అంటుకున్న కీలం ముక్కులోంచి బయటికి వస్తుంది. దాన్నే కుంచెలా వాడి తల్లి కీలాగ్రం మీద రాయాలి. ఎండ ఎక్కాక చేస్తే దండగ. గుంటూరు ఎండల్లో మార్చి తర్వాత ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. చలికాలం, మబ్బు పట్టిన రోజులు కలిసొస్తాయి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా నూరు మొగ్గల్లో పది నిలిస్తే మంచి రోజే, ఆ కాయల్లో కూడా రెండు మూడు గింజలే ఉంటాయి. అందుకే తల్లిగా నున్నటి కాయ రకాన్ని, తండ్రిగా నూగు కాయ రకాన్ని పెట్టుకోవడం తెలివైన పని. నూగు ప్రబల గుణం. మొదటి తరం మొక్క కాయ మీద నూగు ఉంటే కలిసినట్టు, నున్నగా ఉంటే మన సాయంత్రం వృథా అయినట్టు.

రెండో తరంలో కనీసం మూడొందల మొక్కలు వేయండి, ఎడం కొంచెం ఎక్కువ ఇచ్చి. అక్కడ ఒక్కో మొక్క దిగుబడి తూచి ఏరడం మాత్రం వద్దు. ఒంటరి మొక్క దిగుబడిలో నేల, నీళ్లు, ఖాళీల వాటా అంతా ఇంతా కాదు. పల్లాకు తెగులు రానివి, కాయలన్నీ ఒకేసారి నల్లబడేవి, నిటారుగా పెరిగి కాయలు పైన కాసేవి ఏరితే చాలు. దిగుబడి తూకం నాలుగో ఐదో తరంలో, వరుసలు (ఏరిన ఒక్కో మొక్క సంతతి) స్థిరపడ్డాక. అప్పటికి వరుసలు వందల్లో, విత్తనం గుప్పెళ్లలో ఉంటుంది. రెప్లికేషన్లు కుదరవు కాబట్టి గణాంకవేత్త ఫెడరర్ 1956లో చెప్పిన ఆగ్మెంటెడ్ డిజైన్ వాడతారు. కొత్త వరుసలు ఒక్కోసారే వేసి, పోల్చడానికి పెట్టుకున్న మూడు నాలుగు పాత రకాలను (చెక్ రకాలు) మాత్రం ప్రతి బ్లాకులో వేసి, వాటి తేడాతో బ్లాకు తేడాను సరిచేస్తారు.

గామా కిరణాల దారి కూడా ఉంది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం నుంచి 1985లో వచ్చిన టి.ఎ.యు. 1 రకం, అలా గుణం మారిన మొక్కను (మ్యూటెంట్) టి-9తో కలిపి తీసినదే. చూశారా, మళ్లీ టి-9.

పల్లాకు దగ్గర మోసపోకుండా

తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్ ఒక్కటి కాదు. దక్షిణాదిలో ఎక్కువ కనిపించేది ఒకటి, ఉత్తరాదిలో ఎక్కువ కనిపించేది మరొకటి. అక్కడ పచ్చగా నిలిచిన రకం ఇక్కడ పసుపెక్కడానికి అదో కారణం. పరీక్ష వరుసలు రెండింటికి ఒకటి చొప్పున ఎల్.బి.జి. 623 లాంటి తెగులు పట్టే రకాన్ని వేయాలి, చుట్టూ కూడా అదే. పురుగు మందు కొట్టకూడదు. స్కోరు 1 (తెగులు లేదు) నుంచి 9 (మొక్కంతా పసుపు) వరకు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం ఆ తెగులు పట్టే రకం పూర్తిగా పసుపెక్కిందా లేదా అని. అది సగమే పసుపెక్కితే ఆ ఏడాది ఏ వరుసకూ తట్టుకునే గుణం ఉందని రాయకండి. దోమ రాలేదంతే.

మాగాణిలో పోయే 58 గింజలు

వరి మాగాణుల్లో ఎకరాకు 16 కిలోల విత్తనం చల్లుతారు. వంద గింజలు నాలుగున్నర గ్రాములైతే చదరపు మీటరుకు 88 గింజలు పడ్డట్టు. నిలవాల్సింది 30 మొక్కలు. మరి 58 గింజలు ఏమయ్యాయి? విత్తనం దాదాపు మూడు రెట్లు వేస్తున్నామంటేనే మూడింట రెండొంతులు చస్తాయని ముందే ఒప్పుకున్నట్టు. ఎందుకు చస్తున్నాయో, ఏ రకంలో తక్కువ చస్తాయో కొలిచేవాళ్లు మాత్రం అరుదు. ప్రయోగ క్షేత్రంలో మెట్ట దున్ని, గింజ గింజ నాటి, ఎక్కువైనవి పీకి, 10 సెంటీమీటర్లకు ఒక మొక్క ఉంచి కాయలు లెక్కపెడతాం. అంటే రైతు పొలంలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చే దశను మన చేత్తోనే చెరిపేసి, మిగిలిన చిన్న తేడాలకు దశాంశాలు లెక్కేస్తున్నాం.

మాగాణిలో జరిగేది ఇది. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలో చల్లుతారు. నేల అడుగు వేస్తే ముద్ర పడాలి, ముద్రలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ ఉబ్బి కుళ్లుతుంది, ముద్ర పడకపోతే మొలక వేరు లోపలికి దిగదు. దున్నని నేల మీద పైనే పడ్డ గింజ, వేరును తనంతట తాను బంకమట్టిలోకి గుచ్చుకోవాలి. చేత్తో కోసిన చోట పనల కింద నాలుగైదు రోజులు చీకట్లో ఉండి మొలక పాలిపోయి సాగుతుంది. కోత మిషన్ తిరిగిన చోట చక్రాల చాళ్లలో నేల గట్టిపడి ఒక్క మొలకా ఉండదు, గడ్డి వరుసగా పడ్డ చోట ఊపిరాడదు. ఇవన్నీ దాటినవి, ఆపైన ఫిబ్రవరి దాకా నేలలో మిగిలిన తడితోనే కాయాలి.

ఈ దశలో రకాల మధ్య తేడా తేల్చడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. మాగాణి మట్టినే తెచ్చి ట్రేలో బురదగా కలిపి, రెండు రోజులు నీరు తీసేసి, ముద్ర పడే పదునులో ఒక్కో రకానికి 50 గింజలు నాలుగు ట్రేల్లో పైపైనే చల్లండి. సగం ట్రేలకు ఐదు రోజులు వరిగడ్డి కప్పండి. పదో రోజున పచ్చగా నిలబడ్డవి లెక్కపెట్టండి. గడ్డి ఉన్నదానికీ లేనిదానికీ తేడా తక్కువున్న రకం మాగాణికి పనికొచ్చే రకం. దీనికీ జి.సి.వి., అనువంశికత అదే సూత్రంతో వేయొచ్చు, కాయలకు వేసినట్టే.

పొలంలో ప్రయోగం వేసేటప్పుడు విత్తనాన్ని గ్రాముల్లో కాక గింజల్లో లెక్కపెట్టి ఇవ్వండి. 12 చదరపు మీటర్ల ప్లాటుకు 16 కిలోల లెక్కన 47 గ్రాములు వస్తాయి. వంద గింజలు 4 గ్రాములుండే రకంలో అవి 1,180 గింజలు, 5.5 గ్రాములుండే రకంలో 860 గింజలు. గ్రాములు సమానం చేసి లావు గింజ రకంలో మొక్కలు పలచగా ఉన్నాయని రాస్తే ఆ తప్పు రకానిది కాదు, త్రాసుది. బ్లాకులు కూడా తడి వాలును బట్టి పెట్టుకోవాలి. బోదె దగ్గర తడి ఎక్కువ, గట్టు వైపు ముందే ఆరుతుంది. బోదె నుంచి గట్టు దాకా ఒకే బ్లాకు లాగితే ఆ తేడా అంతా ఎర్రర్‌లో పడి, పైన చెప్పిన 12 కాస్తా 30 అవుతుంది, మీ అనువంశికత కొట్టుకుపోతుంది. బోదెకు సమాంతరంగా పట్టీలుగా విడదీయండి.

విత్తనం కట్టేటప్పుడు

మంచి వరుస దొరికాక దాన్ని కలుషితం కాకుండా కాపాడటం వేరే పని. ఫౌండేషన్ (మూల) విత్తనానికి చుట్టూ 10 మీటర్లు, దాని నుంచి రైతుకు అమ్మడానికి పెంచే సర్టిఫైడ్‌కు 5 మీటర్ల ఎడం చాలు. కేళీ మొక్కలు (రకం గుణాలకు సరిపోనివి) ఫౌండేషన్‌లో 0.10 శాతం, సర్టిఫైడ్‌లో 0.20 శాతం మించకూడదు. స్వపరాగం కదా అని ధీమా పడితే దెబ్బ తినేది పుప్పొడి వల్ల కాదు. పోయినేడు రాలిన గింజ అదే మడిలో మొలవడం వల్ల, నూర్పిడి మిషన్ మూలల్లో మిగిలిన గింజల వల్ల. ఆకుముడత విత్తనంతోనే దిగుతుంది కాబట్టి నెల లోపే ముడత పడ్డ మొక్కలు పీకేయాలి, కేళీలను పూతలో ఒకసారి, కాయ రంగు తిరిగాక ఒకసారి.

టి.బి.జి. 104 లాంటి పాలిష్ (గింజ మెరిసే) రకంలో మెరవని సాదా గింజలు కలిస్తే విజయవాడ కొట్లో వ్యాపారి గుప్పెట్లోకి తీసుకోగానే కనిపెడతాడు, ధర కోస్తాడు. ఆ సాదా గింజలు నాటడానికి ఉంచుకున్న సంచిలో ఉన్నాయేమో చూడాలంటే తెల్లగుడ్డ మీద వెయ్యి గింజలు పరిచి, పొద్దుటి ఎండలో పక్కవాటంగా చూడాలి. మెరవనివి వేరుగా తెలుస్తాయి.